నడిపేవాళ్లున్నారు, నేర్పేవాళ్లేరీ?

2019 సెప్టెంబర్ 15, ఆదివారం. కాజీపేట పక్కనున్న కడిపికొండకు చెందిన 14 మంది పాపికొండలు చూద్దామని పోయి, గండి పోచమ్మ గుడి దగ్గర బోటెక్కారు. గోదావరి అప్పటికే వరద మీద ఉంది. కచ్చులూరు మలుపులో బోటు తిరగబడింది. కడిపికొండ వాళ్లలో ఐదుగురే ఇంటికి తిరిగొచ్చారు. బోటు మొత్తంలో ఉన్న 77 మందిలో బతికి బయటపడింది 26 మంది. వాళ్లను నీళ్లలోంచి లాగింది పెద్ద యంత్రాంగం కాదు, ఆ ఒడ్డున ఉండే గిరిజన పల్లెల జనం. తమ చిన్న పడవలేసుకుని వచ్చి అందినవాళ్లను అందినట్టు ఒడ్డుకు చేర్చారు. మునిగిన బోటును ధర్మాడి సత్యం బృందం అక్టోబర్ 22న బయటికి తీసింది.

ఆ తర్వాత వరంగల్‌లో చాలా రోజులు ఇదే చర్చ. లైఫ్ జాకెట్లు వేసుకున్నారా, పర్మిషన్ ఎవరిచ్చారు, వరదలో బోటు ఎట్లా వదిలారు. ఇవన్నీ అడగాల్సిన ప్రశ్నలే. కానీ బోటు నడిపే మనిషికి ఎవరు నేర్పుతారు, ఎక్కడ నేర్పుతారు, నేర్పినవాడికి ఏం అర్హత ఉండాలి అన్న మాట మాత్రం పెద్దగా వినబడలేదు. అసలు సంగతి అక్కడే ఉందని నా నమ్మకం. బస్సు నడపడం నేర్పేవాళ్లు ఊరికొకరు దొరుకుతారు. బోటు నడపడం నేర్పే ట్రైనర్ కావాలంటే ములుగులోనో భూపాలపల్లిలోనో ఎవరిని అడగాలి? ఇంత నీళ్లున్న చోట ఈ ఉద్యోగం ఎందుకు పుట్టలేదో తెలియాలంటే కాస్త వెనక్కి పోవాలి.

పాకాల, రామప్ప చెరువులు 1213 నాటివి. లక్నవరం కూడా కాకతీయుల కాలానిదే. ఇవి పొలం పారడానికి కట్టినవి, ప్రయాణాలకు కాదు. అందుకే చెరువులో పడవంటే మొన్నమొన్నటి దాకా చేపల పడవే. బెస్తలు, ముదిరాజులు తెప్పల మీద వల వేసేవాళ్లు. పిల్లలు తండ్రి వెంట పోయి చూసి నేర్చుకునేవాళ్లు. ఏ మూలన లోతుంది, తూము ఏ పక్క నీళ్లను గుంజుతుంది, మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) దూకుతున్నప్పుడు ఎంత దూరంలో ఆగాలి, ఇదే వాళ్ల చదువు. మత్తడి సంగతి తేలిగ్గా తీసుకునేది కాదు. పైకి నీళ్లు నిలకడగానే కనిపిస్తాయి, దగ్గరికి పోయేకొద్దీ గుంజుడు ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడు తెడ్డు ఎంత వేసినా వెనక్కి రావడం కష్టం. ఈ తెలివిడి నిజమైనదే, విలువైనదే. కాకపోతే అది ఆ ఇంటిది, ఆ చెరువుది. పక్క చెరువు దగ్గరికి పోతే మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాల్సిందే.

గోదావరి కథ వేరు. ధర్మపురి, కాళేశ్వరం, మంగపేట, ఏటూరునాగారం రేవుల్లో పడవ నడిపే కుటుంబాలు తరతరాలుగా ఉండేవి. వాజేడు, వెంకటాపురం వైపు పోవాలన్నా, కాళేశ్వరం నుంచి సిరొంచకు దాటాలన్నా వాళ్లే దిక్కు. నది దాటించడంలో వాళ్ల పనితనం చూసి తీరాలి. ఎదురు రేవు కళ్లముందే కనబడుతున్నా పడవను నేరుగా దానికి గురిపెట్టరు. ముందు ఒడ్డు వెంట, నీళ్ల వేగం తక్కువగా ఉన్న చోట, గడకర్రతో పొడుచుకుంటూ ఎగువకు పోతారు. ఇక చాలనుకున్న చోట ముక్కును ఏటవాలుగా తిప్పి నడి ప్రవాహంలోకి వదులుతారు. తెడ్లు వేస్తుంటే పడవ ఒక పక్క ముందుకు పోతుంది, ఇంకో పక్క ప్రవాహం దాన్ని దిగువకు తోస్తుంది. రెండూ కలిసి సరిగ్గా అవతలి రేవుకు చేరుస్తాయి. ఎంత ఎగువకు పోవాలన్నది ఆ రోజు నీళ్ల రంగు, నురగ, ఇసుక మేటల జాడ చూసి తేల్చుకోవాలి. ఒకరోజు సరిపోయిన దూరం మర్నాడు సరిపోదు.

ఈ విద్య కుటుంబం దాటి బయటికి వచ్చే అవకాశం 19వ శతాబ్దంలో ఒకసారి దగ్గరిదాకా వచ్చి పోయింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తి చేయించిన ఆర్థర్ కాటన్‌కు గోదావరిని పై దాకా పడవల దారి చేయాలని గట్టి కోరిక ఉండేది. నాగపూర్, బేరార్ పత్తిని నది మీద సముద్రానికి దించాలన్నది ఆలోచన. పడవలు సాగకుండా నదికి అడ్డంగా పెద్ద రాతి మెట్టలు మూడుచోట్ల ఉన్నాయి: దుమ్ముగూడెం దగ్గర ఒకటి, మహదేవపూర్ వైపు ఇచ్చంపల్లి దగ్గర ఒకటి, ప్రాణహిత మీద దేవలమర్రి దగ్గర ఒకటి. వాటిని తప్పించి కాలువలు, లాకులు కట్టే పని 1860ల్లో ఇంజినీర్ హేగ్ ఆధ్వర్యంలో సాగింది. ఈలోగా 1867లో రైలు నాగపూర్ చేరింది. పత్తి బొంబాయి దారి పట్టింది. 1871లో పని ఆపేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట నిలిచింది. ఇచ్చంపల్లి దగ్గర ఆనాటి రాతి గోడల ఆనవాళ్లు మిగిలాయి.

ఆ దారి తెరుచుకుని ఉంటే కాళేశ్వరం దాకా స్టీమర్లు వచ్చేవి. స్టీమర్ వస్తే దాన్ని నడిపేవాడికి పరీక్ష, పరీక్షకు చదువు, చదువుకు గురువు వచ్చేవాళ్లు. దిగువన కొంతవరకు అదే జరిగింది. రాజమండ్రి వైపు లాంచీలు తిరిగాయి, వాటిని నడిపే సరంగు అన్నది ఒక ఉద్యోగమైంది. 1917లో బ్రిటిష్ ఇండియాలో లోతట్టు స్టీమర్ల చట్టం వచ్చింది. మాస్టర్, సరంగు, ఇంజిన్ డ్రైవర్ ఎవరైనా పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకోవాలన్నది. ఆ చట్టం చూసింది ఇంజిన్ ఉన్న నౌకలనే. గడకర్రతో నడిచే మన రేవు పడవ దాని కళ్లకు ఆనలేదు. పట్టించుకోకపోవడం అంటే స్వేచ్ఛే కదా అనుకోవచ్చు. కానీ పరీక్ష లేని చోట బడి కూడా ఉండదు.

తర్వాత వంతెనలు వచ్చాయి. ముల్లకట్ట దగ్గర గోదావరి మీద వంతెన పడింది. కాళేశ్వరం–సిరొంచ వంతెన 2016లో తెరుచుకుంది. రేవులు ఖాళీ అయ్యాయి. నిండు గర్భిణిని వానలో పడవెక్కించి దాటించిన రోజులు మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు, నేనూ కోరుకోను. అయితే వంతెనతో పాటు ఒక గొలుసు కూడా తెగింది. పడవ నడిపినవాళ్ల కొడుకులు ఆటోలు, ట్రాక్టర్లు పట్టారు. తండ్రికి తెలిసింది కొడుక్కి అందలేదు, ఎవరూ రాసి పెట్టనూ లేదు.

సరిగ్గా ఈ కాలంలోనే చెరువుల మీదికి టూరిజం బోట్లు వచ్చాయి. లక్నవరం, రామప్ప, కరీంనగర్ లోయర్ మానేరు డ్యాం, వరంగల్ భద్రకాళి చెరువు, ఎక్కడికి పోయినా ఆదివారం జనం. బోటు వచ్చింది, ఇంజిన్ వచ్చింది, టికెట్ కౌంటర్ వచ్చింది. నడిపే పనికి ఈత వచ్చిన, నీళ్లంటే భయంలేని కుర్రాళ్లు కుదిరారు. రెండూ మంచి గుణాలే. అవి మాత్రం సరిపోవు, ఎందుకంటే ఇంజిన్ బోటు తెడ్డు పడవలా ప్రవర్తించదు.

ట్రైనర్ చెప్పే మొదటి పాఠాలే చూడండి. వెనక బిగించిన చిన్న ఇంజిన్‌కు ఒక పిడి ఉంటుంది, దాన్ని టిల్లర్ అంటారు. పిడిని ఎడమకు తోస్తే బోటు కుడికి తిరుగుతుంది. బైక్ హ్యాండిల్‌కు అలవాటుపడిన చేయి టెన్షన్‌లో తప్పు పక్కకే పోతుంది. పైగా బోటు తిరిగేటప్పుడు ముక్కు ఒక పక్కకు పోతే వెనక భాగం రెండో పక్కకు ఊడ్చుకుంటూ వస్తుంది. ఎవరైనా కుడి పక్క నుంచి నీళ్లలో పడితే కొత్త డ్రైవర్ భయంతో బోటును ఎడమకు తిప్పేస్తాడు. అప్పుడు తిరుగుతున్న ఫ్యాన్ రెక్కలు నేరుగా పడ్డ మనిషి మీదికి పోతాయి. తిప్పాల్సింది కుడికే, మనిషి పడ్డ పక్కకే. అప్పుడు వెనక భాగం దూరం జరుగుతుంది. తర్వాత చుట్టూ తిరిగి, నదిలోనైతే దిగువ నుంచి ప్రవాహానికి ఎదురుగా, నెమ్మదిగా దగ్గరికి వచ్చి, ఇంజిన్ ఆపి, అప్పుడు చేయి అందించాలి. ఈ వరస పుస్తకంలో చదివితే రాదు. నీళ్లలోకి ఖాళీ డబ్బా విసిరి దాన్నే మనిషి అనుకుని మళ్లీ మళ్లీ చేయించాలి, ఆలోచించకుండా చేయి సరైన పక్కకు పోయేదాకా.

ఇంకోటి, కిల్ స్విచ్ తాడు. ఒక కొస ఇంజిన్‌కు, ఇంకో కొస డ్రైవర్ ఒంటికి. డ్రైవర్ పడిపోతే తాడు ఊడి ఇంజిన్ ఆగిపోతుంది. 2013 మే నెలలో ఇంగ్లండ్‌లోని ప్యాడ్‌స్టో దగ్గర ఒక కుటుంబం మొత్తం స్పీడ్ బోటులోంచి నీళ్లలో పడింది. తాడు తగిలించుకోలేదు. ఖాళీ బోటు గుండ్రంగా తిరుగుతూ వాళ్ల మీదికే వచ్చింది, ఇద్దరు చనిపోయారు. ట్రైనింగ్ వ్యవస్థ ఎన్నో ఏళ్లుగా ఉన్న దేశంలోనే ఇట్లా జరిగిందంటే, ఆ తాడు ఎందుకుందో చెప్పేవాడే లేని చోట సంగతి ఊహించుకోవచ్చు.

బరువు పాఠం ఇంకా ముఖ్యం. 2009 సెప్టెంబర్ 30న కేరళ తేక్కడిలో బోటు తిరగబడి 45 మంది పోయారు. ఒడ్డున జంతువులు కనబడగానే పర్యాటకులంతా ఒకే పక్కకు చేరారని అప్పట్లో వార్తలొచ్చాయి. 2024 జనవరిలో వడోదర హర్ణి చెరువులో బోటు మునిగి 12 మంది బడి పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. అది నది కాదు, వరద లేదు, ఊరి మధ్య చెరువు. చెరువు కదా ఏం కాదులే అనుకునే మన అలవాటుకు ఇంతకంటే గట్టి జవాబు ఉండదు. జనం లేచి నిలబడితే బరువు పైకి చేరుతుంది, ఒక పక్కకు జరిగితే బోటు వంగుతుంది, అడుగున చేరిన నీళ్లు వంగిన పక్కకే పారి ఇంకా వంచుతాయి. అందుకే మంచి ట్రైనర్ డ్రైవర్‌కు నడపడంతో పాటు మాట్లాడటం కూడా నేర్పుతాడు. సెల్ఫీ కోసం లేచిన నలుగురిని గొడవ లేకుండా కూర్చోబెట్టడం కూడా బోటు నడపడంలో భాగమే.

మరి ట్రైనర్లు ఎక్కడ తయారవుతారు? గోవాలో జాతీయ జలక్రీడల సంస్థ 1990 నుంచి ఉంది, పవర్ బోటు నడపడం, ప్రాణరక్షణ పద్ధతులు నేర్పుతుంది. పట్నాలో లోతట్టు జలమార్గాల అథారిటీ వాళ్ల జాతీయ శిక్షణ సంస్థ 2004లో మొదలైంది, అది ప్రధానంగా సరుకు నౌకల సిబ్బంది కోసం. రెండూ మనకు దూరమే. 1917 చట్టం స్థానంలో 2021లో కొత్త లోతట్టు నౌకల చట్టం వచ్చింది. సిబ్బందికి అర్హత, బోటుకు రిజిస్ట్రేషన్, బీమా అన్నది. ఇంజిన్ లేని పడవలను కూడా స్థానిక సంస్థల దగ్గర నమోదు చేసే వీలు పెట్టింది. గడకర్ర పడవకు చట్టంలో చోటు దొరకడానికి ఒక శతాబ్దం దాటింది. చట్టం మంచిదే. కానీ సముద్రం ఉన్న రాష్ట్రాల్లో పోర్టుల శాఖ, పోర్టు ఆఫీసర్లు ఉంటారు, నౌకల పరీక్షలు వాళ్లకు రోజువారీ పని. తెలంగాణకు తీరం లేదు కాబట్టి ఆ అనుభవం ఉన్న ఆఫీసు మనకు వారసత్వంగా రాలేదు. చట్టం కాగితం మీదినుంచి లక్నవరం రేవుకు రావాలంటే మధ్యలో నేర్పే మనిషి కావాలి.

టూరిజం పక్కన పెట్టినా ఈ అవసరం పోదు. 2020 ఆగస్టులో హనుమకొండ కాలనీల్లో బోట్లు తిరిగాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 2023 జులై చివర మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది, జంపన్నవాగు కొండాయిలో 8 మందిని మింగింది. వీధిలో పారే వరదలో బోటు నడపడం చెరువులో నడిపినట్టు కాదు. కింద కరెంటు తీగలుంటాయి, ఫెన్సింగ్ ఉంటుంది, గోడల మధ్య నీళ్లు ఎటు మళ్లుతాయో తెలియదు. 2024 చివర రాష్ట్రం సొంతంగా విపత్తు స్పందన దళాన్ని ఏర్పాటు చేసుకోవడం సరైన అడుగు. అయినా రోడ్లు తెగిన రాత్రి ఏ దళమైనా కొండాయి చేరేలోపు అక్కడుండే బోటే మొదటి బోటు. దాన్ని నడిపేది ఊరి మనిషే.

ట్రైనర్ నేర్పే పాఠాల్లో అన్నిటికంటే కష్టమైనది బోటు తీయనని చెప్పడం. గాలి పెరిగింది, నీళ్లు ఎర్రబడ్డాయి, ఎక్కువమంది ఎక్కారు, ఇప్పుడు తీయను అనాలి. రోజు కూలీ మీద బతికే కుర్రాడు ఓనర్ ముందు ఆ మాట అనలేడు. మేనేజర్ అరుస్తాడు, జనం టికెట్ డబ్బులడుగుతారు. అందుకే తిరస్కరించే హక్కు డ్రైవర్ చేతికి రాతపూర్వకంగా ఇవ్వాలి, ట్రైనర్ సంతకం దాని వెనక ఉండాలి. ట్రైనర్ జీతం బోటు ఓనర్ దగ్గర్నుంచి కాక వేరే చోట నుంచి రావాలి. ఇది లేకుండా ఎన్ని లైఫ్ జాకెట్లు కొన్నా సగం పనే.

2027లో గోదావరి పుష్కరాలు. బాసర, ధర్మపురి, కాళేశ్వరం, మంగపేట ఘాట్లలో గస్తీ బోట్లు పెట్టక తప్పదు. వాటి కోసం మనుషుల్ని చివరి నెలలో వెతకడం మొదలుపెడితే మళ్లీ ఈత వచ్చిన కుర్రాళ్లే దొరుకుతారు. దానికి బదులు మత్స్యకార సొసైటీల నుంచి, పాత రేవుల కుటుంబాల నుంచి కొందరిని ముందే ఎంచి గోవాకు పంపొచ్చు. వాళ్లు తిరిగొచ్చి లోయర్ మానేరులోనో లక్నవరంలోనో ఎండాకాలం నీళ్లు నిలకడగా ఉన్నప్పుడు మిగతావాళ్లకు నేర్పుతారు. రేవులో గడకర్ర పట్టిన పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్లను కూడా ఆ బోటులో కూర్చోబెట్టి, నీళ్ల రంగు చూసి ఏం చెబుతారో కొత్తవాళ్లకు వినిపించాలి, రాయించాలి. నేర్చుకున్నవాళ్ల పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు ములుగు, భూపాలపల్లి, జగిత్యాల కలెక్టరేట్ల కంట్రోల్ రూముల్లో గోడ మీద ఉండాలి. వాగు పొంగిన రాత్రి డ్యూటీలో ఉన్న ఉద్యోగికి మొదటి ఫోన్ ఎవరికి చేయాలో అక్కడ చూస్తే తెలియాలి.