మనిషి బొమ్మ: గీసేటప్పుడు, మలిచేటప్పుడు అడ్డుపడే అపోహలు

అపోహ: బొమ్మలు గీయడం పుట్టుకతో రావాలి.
వాస్తవం: నా దగ్గరకు కొత్తగా వచ్చేవాళ్ళలో దాదాపు అందరూ ఒకే తప్పు చేస్తారు. కళ్ళను బాగా పైకి, నుదుటి మీదకు జరిపేస్తారు. నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిచి చూడండి, కళ్ళు దాదాపు సగంలో ఉంటాయి. మన ధ్యాసంతా కళ్ళు, ముక్కు, నోటి మీదే ఉంటుంది కాబట్టి పైన ఉన్న పుర్రెను తెలియకుండానే కుదించేస్తాం. లోపం చేతిలో లేదు, చూసే అలవాటులో ఉంది. చెయ్యి చాపి, ఒక కన్ను మూసి, పెన్సిల్‌తో కొలుస్తూ గీస్తే అది సర్దుకుంటుంది.

అపోహ: ముందు కండరాల పేర్లన్నీ బట్టీ పట్టాలి.
వాస్తవం: ఒంట్లో 600కు పైగా కండరాలున్నాయి. అవి తర్వాత. ముందు బరువు ఎక్కడ పడుతోందో పట్టుకోండి. ఇప్పుడే లేచి, ఒంటి బరువంతా కుడికాలి మీద వేసి నిలబడండి. కుడి తుంటి పైకి లేస్తుంది, ఎడమ మోకాలు వదులై వంగుతుంది, కుడి భుజం కాస్త కిందికి దిగుతుంది. మెడ గుంట దగ్గర దారం పట్టుకుని వేలాడదీస్తే అది ఇంచుమించు కుడి మడమ దగ్గరే ఆగుతుంది. గ్రీకు శిల్పులు క్రీ.పూ. 5వ శతాబ్దంలోనే దీన్ని రాతిలోకి తెచ్చారు. ఈ ఒక్కటి తప్పితే ఎంత షేడింగ్ చేసినా బొమ్మ పడిపోతున్నట్టే కనిపిస్తుంది.

అపోహ: మనిషి ఎత్తు ఎప్పుడూ ఎనిమిది తలలు, అంటే తల ఎత్తుకు ఎనిమిది రెట్లు.
వాస్తవం: పెద్దవాళ్ళు ఏడున్నర తలల దగ్గర ఉంటారు, ఏడాది బిడ్డ నాలుగు. ఎనిమిది తలలు హుందాతనం కోసం సాగదీసిన కొలత.

అపోహ: ముందు నుంచి పోలిక వస్తే మట్టి బొమ్మ వచ్చినట్టే.
వాస్తవం: నాకు చాలా బాధ కలిగించేది ఇదే. ముఖం అచ్చుగుద్దినట్టు ఉంటుంది, పక్కకు తిప్పితే పుర్రె వెనక సగం ఉండదు! పీటను మాటిమాటికీ తిప్పండి. పైనుంచి వంగి చూడండి.

అపోహ: లోపల తీగ ఉంటే మట్టి ఆగుతుంది.
వాస్తవం: తీగ నున్నగా ఉంటే తడి మట్టి దాని మీద నుంచి జారుతుంది. నా మొదటి నిలువు బొమ్మలో తెల్లారేసరికి తొడల మట్టంతా మోకాళ్ళ మీదకు దిగింది. అప్పటినుంచి ఛాతీ, తొడల దగ్గర చిన్న చెక్కముక్కలు అడ్డంగా కడుతున్నాను. ఇంకోటి, కాల్చాల్సిన బొమ్మలో తీగ ఉంచకూడదు. ఆరేకొద్దీ మట్టి కుంచించుకుపోతుంది, తీగ కుంచించుకోదు, మధ్యలో పగులు వస్తుంది. మట్టి కాస్త గట్టిపడ్డాక కోసి, తీగ తీసి, లోపల తొలిచి, మళ్ళీ మట్టి పూసి అతికించండి.