కరవకముందే చెబుతుంది

అనంతపురం

చిన్నోడికీ, పాపకూ ఆశీస్సులు.

చిలుక వచ్చి పది రోజులైందనీ, అప్పుడే రెండుసార్లు కరిచిందనీ, "దీనికి శానా పొగరు తాతా" అనీ రాశారు. పొగరు కాదురా. కరవకముందు అది కనీసం మూడుసార్లు చెప్పి ఉంటుంది. నోటితో చెప్పదు, నెత్తిమీది తురాయితో చెబుతుంది. మీరు అటు చూడలేదు, అంతే.

ముందొక మాట. మీ ఇంటికొచ్చింది కాకటీల్ కాబట్టి సరిపోయింది. ఎర్రముక్కు, పచ్చ ఒళ్ళు ఉన్న మన రామచిలుకైతే అటవీ శాఖ వాళ్ళకు అప్పగించి రమ్మనేవాణ్ణి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం, పంజరంలో పెట్టుకోవడం నేరం. సంతలో అమ్ముతున్నారనో, చిలుక జోస్యం వాళ్ళ దగ్గర ఉంది కదా అనో అది ఒప్పైపోదు. పొద్దుగూకే వేళ జొన్నచేల మీదుగా కీచుమంటూ గుంపులుగా పోతాయే, వాటినక్కడ చూడ్డమే బాగు. కాకటీల్ ఆస్ట్రేలియా పక్షి. ఇక్కడ అమ్మేవి పంజరాల్లోనే పుట్టి పెరిగినవి.

ఇక తురాయి సంగతి. అది నిటారుగా లేచి, ఒళ్ళు సన్నగా బిగిసిపోతే పిట్ట బెదిరినట్టు. అప్పుడు చెయ్యి చాపొద్దు, దేన్ని చూసి బెదిరిందో వెతకండి. నాన్న హెల్మెట్ కావచ్చు, కిటికీ అవతల తిరిగే గద్ద కావచ్చు. తురాయి సగం లేచి వెనక్కి వాలి ఉంటే నెమ్మదిగా ఉంది, మీ పనులు గమనిస్తోంది. అదే తురాయి నెత్తికి అతుక్కుపోయి, మెడ ముందుకు సాచి, నోరు తెరిచి పాములాగా బుస కొట్టిందంటే ఇంక చెప్పడానికేమీ మిగల్లేదని. మామూలుగా వరస ఇది: తురాయి లేస్తుంది, కొమ్మ మీద ఒకడుగు పక్కకు జరుగుతుంది, బుస కొడుతుంది, ఆపైన మీ వేలు. మొదటి మూడూ పట్టించుకోకుండా రోజూ చెయ్యి పెడుతూ పోతే, చెప్పి లాభం లేదని దానికి తెలిసిపోతుంది. అప్పుడు బుస కూడా ఉండదు, సూటిగా కొరుకుడే. చెప్పకుండా కరిచే చిలుకలు చాలావరకు ఇలా తయారైనవే.

కరిచినప్పుడు కేకలు పెట్టొద్దు, ముక్కు మీద కొట్టొద్దు, మొహం మీద ఊదొద్దు. మీ కేక దానికి ఆటలాగా ఉంటుంది, ఇంకోసారి ఆ చప్పుడు వినాలనిపిస్తుంది. నోరెత్తకుండా దాన్ని కొమ్మ మీద దింపి, రెండు నిమిషాలు అటు తిరిగి కూర్చోండి.

అయితే ముక్కుతో తాకినదంతా కరవడం కాదు. చిలుకకు ముక్కు మూడో కాలు. వేలు ఎక్కబోయే ముందు అది గట్టిదో కాదో ముక్కుతో పట్టి చూసుకుంటుంది. ఆ క్షణంలో భయపడి వేలు లాక్కున్నారో, ఈ కొమ్మ ఊగుతుందని దానికి గుర్తుండిపోతుంది. మరుసటిసారి ఊగకుండా గట్టిగా పట్టుకుంటుంది. మీరు దాన్ని కరవడం అంటారు.

మచ్చిక చేయడానికి తొందర పనికిరాదు. మొదటివారం పంజరం పక్కన కూర్చుని పాఠాలు బయటికి చదువుకోండి, చాలు. రెండోవారం చువ్వల సందులోంచి కొర్ర కంకి అందించండి. అది తినేటప్పుడు మీ వేళ్ళు రోజురోజుకూ కంకి చివరకు దగ్గరవ్వాలి. ఆ తర్వాత తలుపు తీసి, అరచేతిలో గింజలు పోసి కదలకుండా పెట్టండి. చేతిలో తినడం మొదలుపెట్టాక చూపుడువేలు అడ్డంగా పెట్టి, కాళ్ళకు కాస్త పైన పొట్ట అడుగున మెల్లగా ఆనించి "ఎక్కు" అనండి. పూటకు అయిదు నిమిషాలు, రోజుకు రెండు పూటలు. అయిదు నిమిషాలైనా, తురాయి లేచినా ఆపేయండి. బాగా చేస్తున్నప్పుడు ఆపితేనే మరునాడు తనే ముందుకొస్తుంది.

తల వంచి మెడ చూపిస్తే గీకమని అర్థం. తల, బుగ్గలు, మెడ వరకే. వీపూ రెక్కల కిందా నిమరొద్దు. అలా నిమిరితే జత దొరికిందనుకుంటుంది, ఆడదైతే ఒంటరిగా ఉన్నా గుడ్లు పెడుతుంది. వరసగా పెడుతూ పోతే ఒంట్లో కాల్షియం తగ్గి గుడ్డు లోపలే ఇరుక్కుంటుంది, ప్రాణం మీదికొస్తుంది. సముద్రపు నురుగు, అంటే కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి ఎముక, ముక్క ఒకటి చువ్వలకు కట్టండి, మూలికల కొట్లో దొరుకుతుంది. మీది మగదో ఆడదో ఇప్పుడే తేలదు. దాదాపు ఆరు నెలలకు మొదటిసారి ఈకలు మార్చుకున్నాక, బూడిదరంగు పిట్టైతే, మగదానికి మొహం నిండా పసుపు వస్తుంది; ఆడదానికి తోక అడుగున చారలు అలాగే ఉంటాయి. ఈలలు మగదే ఎక్కువ వేస్తుంది. మాటలు మాత్రం రామచిలుకలాగా ఆశించొద్దు.

పొద్దుగూకాక కళ్ళు సగం మూసి, పై ముక్కూ కింది ముక్కూ కరకర నూరుతుంటే కంగారు పడకండి, హాయిగా నిద్రకు పోతోంది. దానికి పది పన్నెండు గంటల చీకటి నిద్ర కావాలి. అర్ధరాత్రి ఉన్నట్టుండి పంజరంలో రెక్కలు టపటపా కొట్టుకుంటే, ఈ జాతికి చీకట్లో అలాంటి భయం ఉంది. బల్లి పాకినా, బయట లారీ లైటు పడినా చాలు. చిన్న బెడ్‌లైటు ఒకటి వెలగనివ్వండి. మెత్తగా పలకరించి, ఈకేదైనా విరిగి రక్తం కారుతోందేమో చూడండి. కారుతుంటే ఆ చోట కార్న్‌ఫ్లోర్ అద్ది, శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టాలి. ఆగకపోతే డాక్టరు దగ్గరికే.

తిండి. ఉత్తి గింజలే వేసి పెంచడం మన దగ్గర మామూలు, చిలుకలను చంపేది అదే. విటమిన్ ఏ అందక ముక్కు, గొంతు చెడతాయి, కాలేయానికి కొవ్వు పడుతుంది. రోజుకు రెండు చెంచాల గింజలు చాలు: కొర్రలు, సజ్జలు, కొంచెం జొన్న. పొద్దుతిరుగుడు గింజలు అయిదారుకు మించొద్దు. పొద్దున ఆకలి మీదున్నప్పుడు ముందు తోటకూరో మునగాకో కడిగి పెట్టండి, క్యారెట్ తురుమైనా సరే. రెండు గంటల తర్వాత తీసేయండి, మన ఎండలకు పాచిపోతుంది. దుకాణంలో ప్యాకెట్ కట్టి ఎక్కువ ధరకు అమ్మే "మిల్లెట్ స్ప్రే" ఏమిటనుకున్నారు? మన కొర్ర కంకే. నంద్యాల పరిశోధనా కేంద్రం వాళ్ళు సూర్యనంది అని కొర్రలో ఒక రకమే తెచ్చారు. మనకు కంకులకు కరువా?

శెనక్కాయల విషయంలో మాత్రం జాగ్రత్త. మన జిల్లాలో ప్రతి ఇంట్లో ఉంటాయి కాబట్టి చెబుతున్నా. బూజు పట్టిన కాయలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది, వేయించినా పూర్తిగా పోదు, పిట్ట కాలేయాన్ని తినేస్తుంది. మంచి పప్పైనా అరబద్ద, అదీ ఎప్పుడో ఒకసారి. అవకాడో, చాక్లెట్, కాఫీ, ఉప్పు వేసినవి అసలే వద్దు.

కొమ్మలకు వేప, జామ మంచివి, అర అంగుళం నుంచి అంగుళం లావు, అక్కడక్కడా ఎగుడుదిగుడుగా ఉండాలి. దుకాణంలో ఇచ్చే నున్నటి గుండ్రటి కర్ర మీదే ఎప్పుడూ నిలబడితే అరికాళ్ళు పుండ్లు పడతాయి. గన్నేరు కొమ్మ తేవద్దు, విషం. చువ్వల మధ్య సందు అర అంగుళం దాటితే తల ఇరుక్కుంటుంది.

ఎండలు ముదరకముందే ఈ ఉత్తరం చేరాలని రాస్తున్నా. "అది ఎడారి పక్షే కదా, తట్టుకుంటుందిలే" అని నాన్న అంటాడు. ఆస్ట్రేలియా నడిబొడ్డు పొడినేలల్లో ఉండేదే, నిజమే. కానీ అక్కడది నీళ్ళు వెతుక్కుంటూ ఎంతదూరమైనా ఎగిరిపోతుంది. మీ పంజరంలోంచి ఎక్కడికి పోతుంది? రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టి, నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైనట్టు. మిద్దెపై గదిలో ఉంచొద్దు. కూలర్ ఉన్న గదే మేలు, గాలి మాత్రం సూటిగా తగలకూడదు. నీళ్ళ గిన్నెలు రెండు పెట్టి రెండుపూటలా మార్చండి. పొద్దున పూట మామూలు నీళ్ళు సన్నగా చిమ్మితే స్నానం కూడా అయిపోతుంది.

బయటికి వదిలేముందు ఫ్యాను ఆపాలి. స్విచ్ ఆపితే సరిపోదు, రెక్కలు పూర్తిగా నిలిచేదాకా ఆగాలి. అమ్మ నాన్‌స్టిక్ పెనం ఖాళీగా పొయ్యి మీద మరిచిపోయిందంటే ఆ పొగ మనకు వాసన తెలియకముందే పిట్ట చచ్చిపోతుంది. దోసెలకు ఇనుప పెనమే వాడమనండి. అగరొత్తి, సాంబ్రాణి, దోమల చుట్ట ఆ గదిలో వద్దు.

ఆదివారం ఆదివారం వంటింటి త్రాసు మీద తూచి నోటుబుక్‌లో రాయండి. పెద్దదయ్యాక ఎనభై నుంచి నూరు గ్రాముల మధ్య ఉంటుంది. తొంభై గ్రాముల పిట్ట ఎనభై ఒకటికి దిగిందంటే, హుషారుగా కనబడినా సరే, డాక్టరుకు చూపించండి. జబ్బు బయటపడితే వేటజంతువు ఎత్తుకుపోతుందని పక్షులు చివరిదాకా దాచుకుంటాయి. పగలంతా ఈకలు ఉబ్బరించుకుని పంజరం అడుగున కూర్చుందంటే అప్పటికే ఆలస్యమైంది. పక్షుల గురించి తెలిసిన డాక్టరు ఎక్కడున్నాడో ఇప్పుడే కనుక్కోమని నాన్నకు చెప్పండి. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ అడగొచ్చు.

ఈ ఉత్తరంతో పాటు కాగితంలో చుట్టి నాలుగు కొర్ర కంకులు పంపుతున్నా. కవరులో కట్టి రెండు రోజులు ఫ్రీజర్‌లో పెట్టండి, పురుగుంటే చస్తుంది. ఆ తర్వాత వారానికొకటి. నాలుగూ ఒకేసారి ఇచ్చేస్తే మీ చేతి దగ్గరికి రావాల్సిన అవసరం దానికుండదు.

మీ తాత