గీత తిన్నగా ఉంటే బ్యాచ్ బాగున్నట్టేనా? బయోఫార్మా ఆటోమేషన్‌పై అపోహలు - వాస్తవాలు

మందుల తయారీకి బయోరియాక్టర్లు అనే పాత్రల్లో కణాలు పెరుగుతుంటే వాటి పీహెచ్, ఆక్సిజన్, గ్లూకోజ్ ఎలా ఉన్నాయో చూస్తూ ఉండటం నా పని. కొత్తగా చేరినవాళ్ళ నుంచీ, అప్పుడప్పుడు పై అధికారుల నుంచీ, కొన్ని మాటలు పదే పదే వింటుంటాను. అవి నమ్మితే బ్యాచ్‌కే నష్టం.

అపోహ: స్క్రీన్ మీద గీత తిన్నగా ఉంటే బ్యాచ్ బాగున్నట్టే.

వాస్తవం: పీహెచ్ లాంటివాటిని అదుపు చేసే కంట్రోలర్‌కి తెలిసిందల్లా, లోపల కొలిచే ప్రోబ్ (సెన్సర్) చెప్పిన అంకె. ప్రోబ్ తప్పు చెబితే ఆ తప్పు అంకెనే పట్టుకుని కూర్చుంటుంది.

ఒక రాత్రి షిఫ్టు గుర్తొస్తోంది. యాంటీబాడీ మందు తయారుచేసే సీహెచ్‌ఓ కణాల (చైనీస్ హామ్‌స్టర్ నుంచి వచ్చినవి) బ్యాచ్, తొమ్మిదో రోజు. పీహెచ్ గీత 7.0 దగ్గర దారం లాగి కట్టినట్టుంది. ఒక్క అలారం లేదు. మా ఆపరేటర్ మాత్రం, పీహెచ్ పడిపోకుండా పోసే బేస్ (క్షారం) సీసా కింద ఉన్న తూకం చూసి ఆగిపోయాడు. పాత బ్యాచ్‌లలో ఆ రోజుకి అయినదానికంటే బేస్ చాలా ఎక్కువ ఖర్చయింది. కణాలు వదిలే ఆమ్లం, లాక్టేట్, చూస్తే తగ్గుతోంది. ఆమ్లం తగ్గుతుంటే ఇంత బేస్ ఎందుకు పడుతోంది? శాంపిల్ తీసి బయటి మీటర్‌లో పెడితే 7.2 వచ్చింది. ప్రోబ్ తక్కువ చూపిస్తోంది, కంట్రోలర్ దాన్ని నమ్మి బేస్ పోస్తూనే ఉంది.

అయితే బయటి మీటర్‌ని కూడా గుడ్డిగా నమ్మలేం. శాంపిల్‌లో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతే పీహెచ్ దానంతటదే పెరుగుతుంది. సిరంజిలో గాలి బుడగ ఉండి, ల్యాబ్‌కి తీసుకెళ్ళడం కాస్త ఆలస్యమైతే చాలు, అంకె మారిపోతుంది. అందుకే తేడా కనపడగానే ప్రోబ్‌ని సరిచేసేయకూడదు. ఆ రాత్రి గాలి తగలకుండా రెండో శాంపిల్ తీసి వెంటనే చూశాం. కొంచెం తగ్గింది కానీ తేడా పోలేదు. అప్పుడే ప్రోబ్‌ని సరిదిద్దాం. 121 డిగ్రీల ఆవిరిని తట్టుకుని, ఆ తర్వాత రెండు వారాలు ప్రొటీన్ల మధ్య మునిగి ఉండే గాజు ఎలక్ట్రోడ్ అది, డ్రిఫ్ట్ అవ్వడంలో (కొలత మెల్లగా పక్కకి జరగడంలో) వింత లేదు. పీహెచ్ గతి తప్పితే యాంటీబాడీకి అతుక్కునే చక్కెర గొలుసుల తీరు కూడా మారవచ్చు, అంటే మందు నాణ్యతే మారవచ్చు. నా టెన్షనంతా దాని గురించే.

అపోహ: రామన్ ప్రోబ్ పెడితే ఇక శాంపిళ్ళు అక్కర్లేదు.

వాస్తవం: లేజర్ కాంతి వేసి, చెదిరి వచ్చే కాంతిని బట్టి ద్రవంలో ఏముందో చెప్పే పద్ధతి రామన్. అదంటే నాకు చాలా ఇష్టం. రామన్‌లో నీటి సంకేతం బలహీనంగా ఉంటుంది కాబట్టి కల్చర్‌లోని గ్లూకోజ్, లాక్టేట్ లాంటివాటిని లోపలే చూడగలం. రోజుకోసారి తెలిసే గ్లూకోజ్ నిమిషాల్లో తెలుస్తుంది. కానీ ప్రోబ్ ఇచ్చేది స్పెక్ట్రమ్ (ఆ కాంతి గీత) మాత్రమే, దాన్ని గ్లూకోజ్ అంకెగా మార్చేది మోడల్, అంటే పాత డేటాతో నేర్పిన లెక్క. చిక్కంతా ఆ మోడల్‌తోనే. బ్యాచ్‌లో రోజులు గడిచేకొద్దీ కణాలు, యాంటీబాడీ, వ్యర్థాలు అన్నీ కలిసే మారుతుంటాయి. దాంతో మోడల్ గ్లూకోజ్‌ని నేర్చుకునే బదులు ఇది ఎన్నో రోజో నేర్చుకుని కూర్చోవచ్చు. మామూలు బ్యాచ్‌లలో అంకెలు అద్భుతంగా సరిపోతాయి, ఏదైనా తేడా వచ్చిన రోజే చేతులెత్తేస్తుంది. అందుకే కొన్ని శాంపిళ్ళలో కావాలని గ్లూకోజ్ కలిపి, రోజుకీ గ్లూకోజ్‌కీ ఉన్న ఆ జోడీని విడగొట్టి నేర్పాలి. అలా నేర్పని మోడల్ చేతికి ఫీడ్ (కణాల ఆహారం) పంపు ఇవ్వడానికి నేను ఒప్పుకోను. కణాలు మారినా, మీడియా (కణాలు పెరిగే ద్రవం) మారినా మళ్ళీ పరీక్షించాల్సిందే. అన్నట్టు, గాజు రియాక్టర్ అయితే గదిలో లైటు పడి రామన్ సంకేతం చెడకుండా చుట్టూ ఫాయిల్ కప్పడం మరవకండి.

అపోహ: కొత్త టెక్నాలజీ అంటే నియంత్రణ సంస్థలు ఒప్పుకోవు.

వాస్తవం: తయారీ జరుగుతుండగానే కొలిచి అదుపు చేయమని అమెరికా ఎఫ్‌డీఏ 2004లోనే మార్గదర్శకం ఇచ్చింది. నిరంతర తయారీ మీద, మందుల ప్రమాణాల అంతర్జాతీయ వేదిక ఐసీహెచ్ వారి క్యూ13 మార్గదర్శకం కూడా 2022లో ఖరారైంది. వాళ్ళు అడిగేది ఆధారాలు.

అపోహ: డేటా కంప్యూటర్‌లో ఉంది, ఇక చెక్కుచెదరదు.

వాస్తవం: ఎలక్ట్రానిక్ రికార్డుల కోసం అమెరికా నిబంధన 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 వచ్చింది 1997లో. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో చెప్పే ఆడిట్ ట్రయల్ ఉండాలి. ఒకే పాస్‌వర్డ్ నలుగురు వాడుకుంటే ఆ ట్రయల్‌కి అర్థమే లేదు. ఇంకోటి, తయారీ డేటాని దాచే హిస్టోరియన్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు చోటు మిగల్చడానికి డేటాని కుదిస్తాయి, నిర్ణీత హద్దు దాటని చిన్న మార్పుల్ని వదిలేస్తాయి. ఆ హద్దు మరీ వదులుగా పెడితే, తర్వాత విచారణలో మనం వెతికే చిన్న కుదుపు రికార్డులోనే ఉండదు. గడియారాలు కూడా చూసుకోండి. శాంపిళ్ళు పరీక్షించే ఎనలైజర్ టైము, రియాక్టర్ టైము పది నిమిషాలు తేడా ఉంటే ఫీడ్‌కి ముందు తీసిన శాంపిల్ తర్వాత తీసినట్టు కనిపిస్తుంది.

అపోహ: ఆటోమేషన్ వస్తే ఆపరేటర్‌తో పనిలేదు.

వాస్తవం: ఆ రాత్రి బేస్ సీసా తూకం చూడమని ఏ సిస్టమూ మా ఆపరేటర్‌కి చెప్పలేదు. ఇప్పుడు బేస్ వాడకం గీత కూడా మా స్క్రీన్ మీద ఉంది, పాత మంచి బ్యాచ్‌ల గీతల పక్కనే, దానికో అలారం కూడా పెట్టాం. ఆ అలారం ఎక్కడ మోగాలో హద్దు నిర్ణయించింది కూడా అతనే.