ఉసిక్ గొప్పా, అలీ గొప్పా? ఈ వాదన వెనక ఉన్న కథ

2025 జులైలో లండన్ వెంబ్లీ స్టేడియంలో ఉక్రెయిన్ హెవీవెయిట్ బాక్సర్ ఒలెక్సాండర్ ఉసిక్ ఐదో రౌండ్లో డేనియల్ డుబోయిస్‌ను పడగొట్టాక, మా కడపలో బాక్సింగ్ చూసే ఆ కొద్దిమందిలోనూ ఒకటే చర్చ: ఇతను ముహమ్మద్ అలీ అంతటివాడా, మైక్ టైసన్ ముందు నిలబడగలడా? కుర్రాళ్లు ఫోన్‌లో టైసన్ నాకౌట్‌లు చూపించి తీర్పు చెప్పేస్తారు. పెద్దవాళ్లకు అలీ తర్వాతే ఎవరైనా. 1980లో అలీ మద్రాసు వచ్చి జిమ్మీ ఎల్లిస్‌తో ఎగ్జిబిషన్ బౌట్ ఆడినప్పుడు పేపర్లో చదివినవాళ్లు ఇంకా ఉన్నారు కదా. రెండు వర్గాల అభిమానమూ నాకు అర్థమవుతుంది, కానీ ఇద్దరూ ఒక విషయం వదిలేస్తున్నారు. బాక్సింగ్‌లో అన్నిటికన్నా బరువైన విభాగానికి హెవీవెయిట్ అనే పేరు అలాగే ఉంది గానీ, ఆ పేరు కింద జరిగే ఆట మాత్రం వందేళ్లలో చాలా మారింది. ఆ మార్పులు చూడకుండా ఎవరిని ఎవరి పక్కన నిలబెట్టినా అన్యాయమే అవుతుంది.

ఇలా పోల్చడం కొత్తేం కాదు. 'ది రింగ్' పత్రికను 1922లో మొదలుపెట్టిన నాట్ ఫ్లైషర్ తన హెవీవెయిట్ల జాబితాలో తొలి నల్లజాతి ఛాంపియన్ జాక్ జాన్సన్‌ను మొదట పెట్టి, తర్వాతి తరం ఛాంపియన్ జో లూయిస్‌ను ఆరో స్థానానికి నెట్టాడు. తను కుర్రతనంలో చూసినవాళ్లే గొప్పవాళ్లన్నమాట! 1967లో ముర్రే వోరోనర్ అనే రేడియో నిర్మాత పాత ఛాంపియన్ల వివరాలన్నీ కంప్యూటర్‌కు ఇచ్చి పోటీ పెడితే, అలీ జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడిపోయాడని అది చెప్పింది. అలీకి ఒళ్లుమండి పది లక్షల డాలర్లకు కోర్టుకెక్కాడు. చివరికి రాజీ కుదిరి, 1969లో అలీ, 1950ల నాటి ఛాంపియన్ రాకీ మార్సియానో కెమెరా ముందు ఉత్తుత్తి రౌండ్లు ఆడారు. ముగింపులు రకరకాలుగా తీసి పెట్టుకున్నారు. 1970 జనవరిలో థియేటర్లలో వేసినప్పుడు అమెరికాలో మార్సియానో గెలిచాడు, ఐరోపాలో చూపించినదాంట్లో అలీ గెలిచాడు. అది చూడటానికి మార్సియానో లేడు, అంతకు ముందు ఆగస్టులోనే విమాన ప్రమాదంలో చనిపోయాడు.

మన దగ్గర ఉగాదికీ తిరునాళ్లకూ జరిగే బండలాగుడులో ఇంత తగాదా రాదు. ఎద్దుల్ని పళ్లను బట్టి విభాగాలు చేస్తారు, బండ బరువు తెలుసు, ఇచ్చిన నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగాయో కొలిచి చెబుతారు. బాక్సింగ్‌లో అలాంటి కొలత లేదు. పైగా హెవీవెయిట్‌కు పైన హద్దే లేదు. మార్సియానో బరువు దాదాపు 85 కిలోలు, 1920ల నాటి ఛాంపియన్ జాక్ డెంప్సీ కూడా అంతే, లూయిస్ 90కి అటూ ఇటూ. ఈరోజైతే వీళ్లు హెవీవెయిట్ కానే కారు, ఎందుకంటే 1979లో మొదలైన, హెవీవెయిట్‌కు ఒక మెట్టు కిందుండే క్రూయిజర్‌వెయిట్ విభాగం హద్దు ఇప్పుడు 90.7 కిలోలు. 1964లో అప్పటి ఛాంపియన్ సోనీ లిస్టన్‌ను ఓడించిన రోజు అలీ 95 కిలోలు. 2024 డిసెంబర్‌లో ఉసిక్ ఎదుట నిలబడ్డ టైసన్ ఫ్యూరీ 127 కిలోలు, ఎత్తు 6 అడుగుల 9 అంగుళాలు. ఉసిక్ అతనికన్నా పాతిక కిలోలు తక్కువ, అరడుగు పొట్టి. ఆ తేడాతో ఏడు నెలల్లో రెండుసార్లు గెలవడం అలీకి ఎదురుకాని పరీక్ష.

నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద మార్పు రౌండ్లది. దీని గురించి మన చర్చల్లో ఎవరూ మాట్లాడరు. 1982 నవంబర్‌లో రే మాన్సినీతో 14వ రౌండ్ దాకా పోరాడిన కొరియా బాక్సర్ డుక్ కూ కిమ్ కోమాలోకి వెళ్లి కొద్దిరోజులకే చనిపోయాడు. ఆ చావు తర్వాతే టైటిల్ ఫైట్లు 15 రౌండ్ల నుంచి 12కు తగ్గడం మొదలై, 1988 కల్లా టైటిల్ బెల్టులిచ్చే పెద్ద సంస్థలన్నీ ఆ దారికి వచ్చాయి. ఇప్పుడు ఆ మూడు రౌండ్లు తీసేసి పాత చరిత్ర చూడండి. 1941 జూన్‌లో జో లూయిస్ మీద అతనికన్నా ఎంతో తేలికైన బిల్లీ కాన్ 12 రౌండ్లయ్యేసరికి ఇద్దరు జడ్జిల లెక్కలో ముందున్నాడు, మూడో జడ్జి దగ్గర సమానం. 13వ రౌండ్లో లూయిస్ అతన్ని నాకౌట్ చేశాడు. నేటి రూల్ అయితే బెల్టు కాన్‌ది, లూయిస్ వరసగా టైటిల్ నిలబెట్టుకున్న 25 సార్ల రికార్డు అక్కడే తెగిపోయేది. 1952లో జో వాల్కాట్‌తో మార్సియానో ముగ్గురు జడ్జిల దగ్గరా వెనకబడి ఉండి, అదే 13వ రౌండ్లో ఒక్క కుడిచేతి దెబ్బతో గెలిచాడు. 49–0 అని (49 గెలుపులు, ఒక్క ఓటమీ లేదు) అందరూ తలుచుకునే ఆ రికార్డు ఆ 13వ రౌండ్ దయే. వాళ్లు తక్కువవాళ్లని నేననడం లేదు. 15 రౌండ్లకు ఒళ్లు సిద్ధం చేసుకున్నవాడు చివరికి దాచుకుంటాడు, 12 రౌండ్లవాడు పాయింట్ల కోసం ముందునుంచే పనిచేస్తాడు. 2024 మేలో రియాద్‌లో ఉసిక్, ఫ్యూరీ మొదటి ఫైట్‌లో ముగ్గురు జడ్జిల్లో ఇద్దరే ఉసిక్‌కు ఇచ్చారు, అదీ 115–112, 114–113. తొమ్మిదో రౌండ్లో ఫ్యూరీ చావుతప్పి బయటపడ్డాడు. ఇంకో మూడు రౌండ్లు ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

బెల్టుల సంగతి కూడా అంతే. అలీ కాలంలో బెల్టులిచ్చే సంస్థలు డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ రెండే. 1983లో ఐబీఎఫ్, 1988లో డబ్ల్యూబీఓ వచ్చి నాలుగయ్యాయి. హెవీవెయిట్‌లో నాలుగూ ఒక్కడి చేతికి రావడం రియాద్‌లో ఉసిక్‌తోనే మొదలు. అంతకు ముందు తిరుగులేని ఛాంపియన్ (ఆ కాలంలో లెక్కలోకి వచ్చే బెల్టులన్నీ ఉన్నవాడు) అంటే 1999 నాటి లెనాక్స్ లూయిస్. ఇక పాతకాలంలో ఒకే ఛాంపియన్ ఉండేవాడు కాబట్టి అంతా సవ్యంగా ఉండేదనుకోకండి. 1915లో జాక్ జాన్సన్ ఓడాక 1937 దాకా ఒక్క నల్లజాతి బాక్సర్‌కు కూడా హెవీవెయిట్ టైటిల్ ఫైట్ ఇవ్వలేదు. వాళ్లలో మేటి బాక్సర్లైన శామ్ లాంగ్‌ఫోర్డ్‌కు, హ్యారీ విల్స్‌కు ఆ అవకాశమే దొరకలేదు. ఆ కాలంలోనే ఛాంపియన్‌గా ఉన్న డెంప్సీ ఎంత గొప్పవాడైనా ఆ లోటు అతని ఖాతాలో ఉంది.

అందుకే ఉసిక్‌ను అలీ పక్కన కాకుండా ఎవాండర్ హోలీఫీల్డ్ పక్కన పెట్టి చూడమంటాను. క్రూయిజర్‌వెయిట్‌లో తిరుగులేని ఛాంపియన్ అయి, పైకి వచ్చి హెవీవెయిట్‌లోనూ తిరుగులేని ఛాంపియన్ అయినవాళ్లు వీళ్లిద్దరే. హోలీఫీల్డ్ 1990లో అప్పటి ఛాంపియన్ బస్టర్ డగ్లస్‌ను పడగొట్టి ఛాంపియన్ అయ్యాడు, 1992లో తనకన్నా పెద్ద శరీరమున్న రిడిక్ బోవ్ చేతిలో ఓడాడు. ఉసిక్ తనకన్నా పెద్దవాళ్ల మీద 2025 జులై దాకా ఓడలేదు. బ్రిటన్ బాక్సర్ ఆంథొనీ జాషువాను లండన్‌లో వాళ్ల జనం ముందే ఓడించాడు, 2022లో దేశం మీద యుద్ధం వచ్చిపడితే కీవ్‌లో తుపాకీ పట్టుకుని కాపలా కాసి, ఆ ఆగస్టులోనే జెడ్డా వెళ్లి మళ్లీ గెలిచాడు. టైసన్ మాటకొస్తే, 1996లో హోలీఫీల్డ్ అతన్ని 11వ రౌండ్లో ఆపాడు. అప్పటికి టైసన్ తన మంచికాలం దాటాడన్నది నిజమే. అయినా అతన్ని ఎలా ఆడాలో ఆ రాత్రి కనిపించింది, అలా ఆడగలిగే కాళ్లు ఉసిక్‌కు ఉన్నాయి.

అయినా జో లూయిస్, అలీలను నేను ఉసిక్ కన్నా పైనే ఉంచుతాను. 1941 ఒక్క ఏడాదిలోనే లూయిస్ 7 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. వియత్నాం యుద్ధానికి వెళ్లనన్నందుకు మూడున్నరేళ్లు రింగ్‌కు దూరమైన అలీ, తిరిగొచ్చి ఫ్రేజియర్‌ను, ఫోర్‌మన్‌ను, నార్టన్‌ను ఓడించాడు. 2025 జులై దాకా ఉసిక్ హెవీవెయిట్‌లో ఆడింది 8 ఫైట్లు, వాటిలో ఆరు జాషువా, ఫ్యూరీ, డుబోయిస్ ఈ ముగ్గురితోనే.