తాబేలు నడకలో దాగిన బాణీ

చిరంజీవులారా,

రెండు సంగీత ఖండాలు వరుసగా విని మీరు రాసి పంపిన కాగితాలు చదివాను. మొదటిది హుషారుగా, రెండోది దిగులుగా ఉందని ఇంచుమించు అందరూ రాశారు. తప్పు లేదు. అయితే ఆ హుషారు నడక వేగంవల్ల వచ్చిందా, స్వరాలు పై స్థాయిలో ఉండటంవల్ల వచ్చిందా, లేక ఆ వాద్యపు గొంతే అలాంటిదా అన్నది ఒక్కరూ రాయలేదు. ఈసారి అది పట్టుకుందాం.

ఫ్రెంచి స్వరకర్త సాన్-సాన్స్ 1886లో 'జంతువుల కార్నివాల్' అనే పేరుతో 14 చిన్న ఖండాలను సరదాకి రాసుకున్నాడు. తన గంభీరమైన పేరుకు అవి తగవనుకున్నాడేమో, బతికుండగా 'హంస'ను తప్ప వేటినీ అచ్చు వేయనివ్వలేదు. వాటిలో 'తాబేళ్లు' అనే ఖండం వినబోయే ముందు, 1858లో ఆఫెన్‌బాఖ్ ఒక హాస్య సంగీతరూపకం కోసం కట్టిన ఉరుకుల పరుగుల క్యాన్‌క్యాన్ నాట్యపు బాణీని నోటికి వచ్చేదాకా వినండి. ఆ తర్వాత తాబేళ్లను వింటే, తంత్రీవాద్యాలు ఆ బాణీనే ఎత్తుకున్నాయని తెలుస్తుంది. కాని నడక ఎంత మందగించిందంటే, వెనకటి స్వరం చెవిలోంచి జారిపోయాక గాని తర్వాతి స్వరం రాదు. నేను మొదటిసారి విన్నప్పుడు అసలు పోల్చుకోనేలేదు. పక్కనున్నాయన కూనిరాగం తీసి చూపాక నవ్వొచ్చింది. ఇంకొంచెం చెవి పెడితే, తంత్రులు ఒక్కో దెబ్బను రెండుగా విడదీస్తుంటే పియానో దాన్నే మూడుగా విడదీయడం వినిపిస్తుంది. ఆ రెండూ ఒకదానికొకటి సరిగా అతకవు కాబట్టే తాబేలు కాళ్లు ఈడుస్తున్నట్టు ఉంటుంది.

దాని తర్వాతిదే 'ఏనుగు'. బెర్లియోజ్ గాలిలో తేలే దేవకన్యల నాట్యానికని గొంతు అణచిన వయొలిన్లకు ఇచ్చిన సుతిమెత్తని బాణీని సాన్-సాన్స్ ఇక్కడ లావు గొంతున్న పెద్ద తంత్రీవాద్యం డబుల్ బాస్ చేత పలికించాడు. తాబేళ్లలో వేగం చేసిన పనిని ఇక్కడ స్థాయి, వాద్యం కలిసి చేశాయి.

వీటికి పూర్తిగా ఎదురుగా నిలిచేది 1928లో రావెల్ రాసిన 'బొలేరో'. సుమారు పావుగంట సాగే ఆ రచనలో స్నేర్ డ్రమ్ అనే చిన్న డోలు ఒకే లయను మొదటినుంచి చివరిదాకా వాయిస్తూనే ఉంటుంది, బాణీలు రెండే మార్చిమార్చి వస్తుంటాయి, వేగమూ పెరగకూడదు. అయినా విసుగు పుట్టదు, ఎందుకంటే ఫ్లూట్ మొదలుపెట్టిన బాణీ క్లారినెట్‌కు, బసూన్‌కు, అలా వాద్యం నుంచి వాద్యానికి చేతులు మారుతూ, గుసగుసగా మొదలైన చప్పుడు చివరికి హోరుగా ఎదుగుతుంది. వేగం పెరిగిందని చాలామంది పొరబడతారు. వేలితో బల్లమీద తాళం వేస్తూ వింటే అది చప్పుడు చేసిన మాయ అని తేలిపోతుంది.

బొలేరోను మూడుసార్లు వినండి. మొదటిసారి డ్రమ్‌ను మాత్రమే పట్టుకోండి, బాణీని పట్టించుకోవద్దు. రెండోసారి బాణీ చేతులు మారినప్పుడల్లా ఆ వాద్యం పేరు రాయండి. పేరు తెలియకపోతే గొంతు ఎలా ఉందో రాయండి, సన్నగానో, బొంగురుగానో, ముక్కుతో పాడినట్టో. మూడోసారి చివరి భాగంకోసం కాచుకోండి. అంతసేపూ కదలని ఆధారశ్రుతి అక్కడ ఒక్కసారిగా పైకి జరిగి, కాసేపటికే మళ్లీ స్వస్థానానికి వస్తుంది. అది ఎన్నో నిమిషంలో జరిగిందో, ఆ క్షణంలో ఏ వాద్యాలు మోగుతున్నాయో ఈసారి ఉత్తరంలో రాసి పంపండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య