ఆకు మీద పుట్టే మంచు

పిల్లలూ,

మీ బాబాయ్ అమెరికా నుంచి పెట్టిన, తెల్లటి పలుకులు పేరుకున్న గులాబీ మొక్క ఫోటో చూసి "తాతా, ఇది ఫిల్టరా?" అని అడిగారు కదా. ఫిల్టర్ కాదు, నిజమైన మంచే. కాకపోతే అది పైనుంచి కురిసింది కాదు. వాన కురుస్తుంది, వడగళ్లు పడతాయి, ఇది మాత్రం ఆకు మీదనే పుడుతుంది.

మబ్బు లేని, గాలి ఆడని రాత్రి ఆకులూ గడ్డీ తమ వేడినంతా ఆకాశంలోకి వదిలేస్తాయి. ఆకు పల్చన, దాచుకున్న వేడి తక్కువ, అందుకని చుట్టూ ఉన్న గాలి కంటే అదే ముందు చల్లబడిపోతుంది. దాన్ని తాకిన గాలిలోని ఆవిరి బొట్లుగా మారితే అది మన పెరట్లో పొద్దుగాల కనిపించే మంచు. ఆకు సున్నా డిగ్రీల కిందికి పోయిందనుకోండి, ఆవిరి నీళ్లు కాకుండానే నేరుగా పలుకులుగా పేరుకుంటుంది. నీటి అణువులు గడ్డకట్టేటప్పుడు ఆరు మూలల అల్లికలో సర్దుకుంటాయి కాబట్టి ఆ పలుకులకు అంత పదును, అంత తీరు. ఆ ఫోటోను పెద్దది చేసి చూడండి, ఆకు నడుమ కంటే అంచుల మీద, ముళ్ల మీద ఎక్కువ పేరుకుంది, ఎందుకంటే గాలిలోకి పొడుచుకొచ్చిన చోటికే ఆవిరి ముందు అందుతుంది. ఒక్కో పలుకుకు రంగే లేదు. వేల పలుకుల మీద వెలుగు చెదిరి మనకు తెల్లగా కనిపిస్తుంది, అంతే.

ఈ సంగతిని 1814లో వివరంగా రాసినాయన లండన్‌లో ఒక డాక్టర్, పేరు విలియం చార్లెస్ వెల్స్. తోటలో ఒక పలకను కాళ్ల మీద నిలబెట్టి, పైన కొంత ఉన్ని, అడుగున కొంత ఉన్ని పెట్టి, తర్వాత రెండూ తూచాడు. పైదే మంచు ఎక్కువ పట్టి బరువెక్కింది. అడుగున ఉన్నదానికి పలక అడ్డం, వేడి ఆకాశంలోకి పోదు. (రాత్రిపూట డాక్టర్‌కు ఈ పనేందని ఇరుగుపొరుగు అనుకునే ఉంటారు.) మీ మంచిర్యాలలోనూ చూడొచ్చు, చలికాలంలో ఆరుబయట పెట్టిన బండి సీటు తడుస్తుంది, రేకుల కింద పెట్టింది పొడిగా ఉంటుంది.

మరి మనకెందుకు గడ్డకట్టదు? హనుమకొండలో చలి బాగా ముదిరినా పది డిగ్రీలకు అటూ ఇటూ. ఆదిలాబాద్ వైపు, సిర్పూర్ (యు), గిన్నెధరి లాంటి చోట్ల కొన్నేళ్లు ఐదు లోపుకు కూడా దిగుతుంది. పేపర్లో వేసే ఆ లెక్క నేలకు నాలుగడుగుల ఎత్తున గాలిది, అలాంటి రాత్రి గడ్డి ఇంకా చల్లగా ఉంటుంది. ఊటీ, మున్నార్‌లలో మాత్రం డిసెంబర్, జనవరిలో గడ్డి నిజంగానే తెల్లబడుతుంది, అదీ ముందు పల్లపు చోట్లలో, ఎందుకంటే చల్లగాలి బరువు, కిందికి జారి అక్కడే నిలుస్తుంది.

మన పెరట్లోకి ఆ గడ్డకట్టే మంచు రావాలని మాత్రం నేను కోరుకోను. చిక్కుడు, టమాట, వంగ దానికి తట్టుకోలేవు, లోపలి నీరు గడ్డకట్టి కణాలు పగిలి, ఎండెక్కేసరికి ఆకులు నల్లబడి వాలిపోతాయి. క్యాబేజీ, క్యారెట్ గట్టివి. చలికి తమలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకుంటాయి, అందుకే ఆ కాలంలో రుచి కూడా పెరుగుతుంది.

చూడాలని అంత ఉంటే ఇంట్లోనే చేసుకోండి. స్టీలు గ్లాసు బయట బాగా తుడిచి, లోపల నలగ్గొట్టిన ఐసు వేసి, గుప్పెడు గల్లుప్పు కలిపి స్పూనుతో తిప్పండి. ఉప్పు తగిలిన ఐసు సున్నా కంటే కింద కూడా కరుగుతుంది, కరగడానికి కావాల్సిన వేడిని గ్లాసు నుంచే లాక్కుంటుంది. కాసేపటికి గ్లాసు బయట అడుగు భాగం తెల్లబడుతుంది. ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి తీయండి, తడి వేళ్లతో ముట్టుకోవద్దు, అంటుకుంటాయి. అయ్యాక గ్లాసు కడిగి పెట్టండి, లేకుంటే మీ అమ్మ ఫోన్ చేసి నన్నే అంటుంది.

మీ తాత,
హనుమకొండ