ఇంటర్ తర్వాత ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ డిగ్రీ: అపోహలు – వాస్తవాలు

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే తెలిసినవాళ్ల దగ్గర్నుంచి ఫోన్లు మొదలవుతాయి. "మావాడికి బీటెక్ మీద మనసు లేదండీ, బీబీఏలో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఉందట, చేర్పించమంటారా?" అని ఒకరు. "ఆస్ట్రేలియాలో ఈ డిగ్రీ ఉందని కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు, మంచిదేనా?" అని ఇంకొకరు. నా తిరుగు ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఏ ప్రాజెక్టులండీ? బిల్డింగులా, రోడ్లా, సాఫ్ట్‌వేరా, మందుల ఫ్యాక్టరీలా? చాలామంది ఆ సంగతి ఆలోచించి ఉండరు.

నాది కన్‌స్ట్రక్షన్‌లో ప్లానింగ్ పని. అందుకే కింది ఉదాహరణలు ఎక్కువగా సైటు నుంచే ఉంటాయి.

అపోహ: డిగ్రీ చేతికి రాగానే ప్రాజెక్ట్ మేనేజర్ ఉద్యోగం

రాదు. ప్రాజెక్ట్ మేనేజర్ కుర్చీలో కూర్చున్నవాళ్లు పదేళ్లో పదిహేనేళ్లో ఆ రంగంలో నలిగినవాళ్లే. ఫ్రెషర్‌కి దొరికేవి ప్రాజెక్ట్ కోఆర్డినేటర్, జూనియర్ ప్లానర్, పీఎంఓ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఆఫీస్) అనలిస్ట్, కాస్ట్ కంట్రోల్ అసిస్టెంట్ లాంటి ఉద్యోగాలు. పొద్దున సైటు నుంచి డీపీఆర్ తెప్పించడం, అంటే రోజువారీ పని రిపోర్టు, దాన్ని షెడ్యూల్‌లో ఎక్కించడం, మీటింగ్ మినిట్స్ రాయడం, సబ్ కాంట్రాక్టర్ బిల్లుని కొలతలతో సరిచూడడం. చిన్న పనుల్లా కనిపిస్తాయి కానీ ప్రాజెక్టు ఎక్కడ జారిపోతోందో అందరికన్నా ముందు తెలిసేది ఈ కుర్రాళ్లకే.

అపోహ: మాట చాతుర్యం ఉంటే చాలు, లెక్కలు అక్కర్లేదు

ఎంపీసీ అంటే భయపడి ఇటు వచ్చేవాళ్లు ఇక్కడే ఇబ్బంది పడతారు. క్యాలిక్యులస్ అంతగా రాదు, నిజమే. కూడికలు, భాగహారాలు, శాతాలు మాత్రం రోజూ ఉంటాయి. వాటి వెనక ఉన్న తర్కం పట్టుబడకపోతే ఈ పని అసలు నడవదు.

క్రిటికల్ పాత్ సంగతే చూడండి, అంటే ఏ పనులు ఆలస్యమైతే ప్రాజెక్టు మొత్తం ఆలస్యమవుతుందో ఆ పనుల వరస. టైల్స్ రావడం ఆరు రోజులు ఆలస్యమైంది, ఆ పనికి ఎనిమిది రోజుల ఫ్లోట్, అంటే ఆలస్యమైనా ఫర్వాలేని వెసులుబాటు, ఉంది. అప్పుడు హ్యాండోవర్ తేదీ కదలదు. లిఫ్ట్ మెషీన్ రెండే రోజులు ఆలస్యమైంది, అది క్రిటికల్ పాత్ మీద ఉంది. మొత్తం బిల్డింగ్ రెండు రోజులు వెనక్కి వెళ్తుంది. ఆరు రోజుల ఆలస్యానికి ఊరుకుని రెండు రోజులకు ఎందుకు గొడవ చేస్తున్నావని యజమాని అడుగుతాడు. కాగితం మీద లెక్క వేసి చూపించగలగాలి.

డబ్బు లెక్క ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1.20 కోట్ల పని ఒకటి ఉందనుకోండి. ప్లాన్ ప్రకారం ఈ నెలాఖరుకి 40 లక్షల విలువైన పని కావాలి. అయింది 30 లక్షల పని, దానికి ఖర్చయింది 36 లక్షలు. ఖాతాలు చూసే మనిషి "40 అనుకున్నాం, 36 అయింది, 4 లక్షలు మిగిలింది" అని సంతోషిస్తాడు. ఎర్న్‌డ్ వాల్యూ, అంటే అయిన పని విలువని ప్లాన్‌తోనూ ఖర్చుతోనూ పోల్చే లెక్క, తెలిసినవాడికి చెమటలు పడతాయి. వేగం 30 బై 40, అంటే 0.75. ఖర్చు సామర్థ్యం 30 బై 36, అంటే 0.83. ఇదే తీరు కొనసాగితే 1.20 కోట్ల పని 1.44 కోట్లకు తేలుతుంది. పదో తరగతి లెక్కే. కానీ దాన్ని మూడో నెలలోనే పట్టుకుంటే ఏదో ఒకటి చేయొచ్చు, పదో నెలలో పట్టుకుంటే లేఖలు రాసుకోవడమే.

అపోహ: ప్రైమావెరా, ఎంఎస్ ప్రాజెక్ట్ వస్తే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ వచ్చేసినట్టే

అమీర్‌పేటలో వారాల లెక్కన నేర్పే కోర్సులు ఈ నమ్మకం మీదే నడుస్తున్నాయి. సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి, తప్పులేదు. అయితే షెడ్యూల్ గీసే ఆ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించే రోజులు ఎక్కడి నుంచి వస్తాయి?

స్లాబు ఉదాహరణ తీసుకుందాం. స్పాన్ 4.5 మీటర్లు దాటిన స్లాబు కింద ప్రాప్స్, అంటే ఆసరా పోట్లు, మామూలు సిమెంటుకి 14 రోజులు ఉంచాలంటుంది కాంక్రీట్ పనులకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456. అన్ని రోజులూ ఆ కింద గోడ పని చేయడం కుదరదు. ఇది తెలియని కుర్రాడు స్లాబు పోసిన నాలుగో రోజునే ఇటుక పని మొదలైనట్టు షెడ్యూల్ గీస్తాడు. సాఫ్ట్‌వేర్ ఏమీ అనదు, రంగురంగుల బార్ చార్ట్ గీసి ఇస్తుంది. మేస్త్రీ చూసి నవ్వుతాడు.

క్యాలెండర్ ఇంకో సంగతి. సంక్రాంతికి మనవాళ్లు ఊళ్లకు పోతారు. హోళీకి, ఛఠ్ పూజకి బీహార్, యూపీ కార్మికులు పోతారు, తిరిగి వచ్చే తేదీ ఎవరూ చెప్పలేరు. జూలై, ఆగస్టుల్లో పునాది తవ్వకం పెట్టుకుంటే నీళ్లు తోడడానికే సగం రోజు. ఇవన్నీ షెడ్యూల్‌లో ముందే ఉండాలి. నా ఉద్దేశంలో మంచి కోర్సుకీ మామూలు కోర్సుకీ తేడా ఇక్కడే తెలుస్తుంది. సైటులో కనీసం ఒక సెమిస్టర్ గడపనివ్వని డిగ్రీ మీద నాకు పెద్ద నమ్మకం లేదు.

అపోహ: ఇదంతా ఐటీ వాళ్ల వ్యవహారం

క్రిటికల్ పాత్ పద్ధతి 1957 ప్రాంతంలో డ్యూపాంట్ అనే రసాయనాల కంపెనీ అవసరం కోసం పుట్టింది. పెర్ట్ అనే మరో షెడ్యూల్ పద్ధతిని 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కోసం తయారుచేయించింది. ఐటీ వాళ్లు చెప్పుకునే ఎజైల్ మేనిఫెస్టో 2001 నాటిది. ఎజైల్‌లోని స్ప్రింట్ పద్ధతి, అంటే పనిని కొన్ని వారాల ముక్కలుగా చేసి మధ్యమధ్యలో మార్చుకుంటూ పోవడం, సాఫ్ట్‌వేర్‌కి బాగుంటుంది. పోసిన కాంక్రీట్‌ని వచ్చే స్ప్రింట్‌లో మార్చుకుందామంటే కుదరదు కదా.

అపోహ: డిగ్రీ అవ్వగానే పీఎంపీ రాసేయొచ్చు

పీఎంపీ అంటే పీఎంఐ అనే సంస్థ ప్రాజెక్ట్ మేనేజర్లకి ఇచ్చే సర్టిఫికెట్. దాని పరీక్షకి అనుభవం కావాలి. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లు ప్రాజెక్టులు నడిపిన అనుభవం 36 నెలలు చూపాలి, డిగ్రీ లేనివాళ్లు 60 నెలలు. దానికి తోడు 35 గంటల శిక్షణ. పీఎంఐ గుర్తింపు ఉన్న డిగ్రీ అయితే నెలల్లో కొంత సడలింపు ఉంది. చదువుతుండగానే రాయగలిగేది అదే సంస్థ పెట్టే తొలి మెట్టు పరీక్ష సీఏపీఎం, దానికి 23 గంటల శిక్షణ చాలు, అనుభవం అడగరు. నిబంధనలు అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి ఫీజు కట్టేముందు పీఎంఐ సైట్‌లో ఒకసారి చూసుకోండి, ఏజెంటు మాట మీద వెళ్లొద్దు.

అపోహ: సివిల్ బీటెక్‌కి బదులు ఇది చదివినా ఒకటే

ఒకటి కాదు, ఈ ముక్క తల్లిదండ్రులు జాగ్రత్తగా చదవాలి. ఏఈఈ లాంటి ప్రభుత్వ ఇంజనీర్ ఉద్యోగాలకు ఇంజనీరింగ్ డిగ్రీ తప్పనిసరి. బీబీఏ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌తో ఆ దారి మూసుకుపోతుంది. డిజైన్ వైపు వెళ్లాలన్నా అంతే. ఇంటి దగ్గర ఎవరికైనా "ఎప్పటికైనా గవర్నమెంట్ జాబ్" అనే ఆశ ఉంటే బీటెక్ చేసి, పైన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌లో పీజీ చేయడమే మంచిది. మన దగ్గర ఈ సబ్జెక్టు మొదటి నుంచీ ఎక్కువగా పీజీ స్థాయిలోనే నడుస్తోంది కూడా.

మరి డిగ్రీ ఎవరికి? ప్రైవేటులో ప్లానింగ్, కాంట్రాక్ట్స్, కాస్ట్ కంట్రోల్ వైపు వెళ్దామని స్పష్టంగా అనుకున్నవాళ్లకి. లేదా ఇంట్లో కాంట్రాక్టు వ్యాపారం ఉండి దాన్ని పద్ధతిగా నడపాలనుకునే పిల్లలకి. వీళ్లకి ఇది నిజంగా పనికొస్తుంది.

అపోహ: ప్రాజెక్టులు ఆగేది ఇంజనీరింగ్ సమస్యల వల్లే

హైదరాబాద్ మెట్రో చూడండి. ఒప్పందం 2010లో, మొదటి రైలు 2017 నవంబరులో, జేబీఎస్–ఎంజీబీఎస్ మార్గం 2020 ఫిబ్రవరిలో. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా పాతబస్తీలో వేయాల్సిన ముక్క మాత్రం మొదటి దశలో పడనే లేదు. పిల్లర్లు లేపడం, వాటి మీద వయాడక్ట్ (వంతెన మార్గం) వేయడం మెట్రో కట్టిన సంస్థకి తెలియక కాదు. అడ్డుపడింది ఆస్తుల సేకరణ, దారిలో ఉన్న ప్రార్థనా స్థలాలు, అలైన్‌మెంట్ మీద అభ్యంతరాలు. డిగ్రీలో స్టేక్‌హోల్డర్ మేనేజ్‌మెంట్ అని, అంటే ప్రాజెక్టుతో సంబంధం ఉన్న అందరితో వ్యవహరించడం గురించి, ఒక పేపర్ ఉంటుంది. పిల్లలు దాన్ని సోది సబ్జెక్టు అని పరీక్ష ముందు రోజు చదువుతారు.

కాంట్రాక్టుల పేపర్‌కీ అదే గతి. 1999 నాటి ఫిడిక్ రెడ్ బుక్ అనే అంతర్జాతీయ కాంట్రాక్టు నమూనా ప్రకారం అదనపు సమయం కావాలన్నా, డబ్బు కావాలన్నా, సంగతి తెలిసిన 28 రోజుల్లో కాంట్రాక్టర్ నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే క్లెయిమ్ పోయినట్టే. వాన ఎన్ని రోజులు పడిందో, డ్రాయింగ్ ఎంత ఆలస్యంగా వచ్చిందో ఎంత న్యాయంగా చెప్పినా లాభం ఉండదు. ఆ ఉత్తరం సమయానికి పెట్టించే జూనియర్‌ని ఏ కంపెనీ వదులుకోదు.

అపోహ: విదేశీ డిగ్రీ అయితే ఏదైనా ఒకటే

యూనివర్సిటీ ఆఫ్ సిడ్నీలో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ బ్యాచిలర్ డిగ్రీ ఉంది. లండన్ యూసీఎల్‌లో ఉన్నది పేరులోనే కన్‌స్ట్రక్షన్ పెట్టుకుంది. రెండూ పేరున్నవే, కానీ రెండో కోర్సు చదివినవాడు ఏ రంగంలో పనిచేస్తాడో కోర్సు పేరు చూస్తేనే తెలుస్తుంది. ఏజెంటు బ్రోచర్ ఇచ్చినప్పుడు సెమిస్టర్ వారీగా సబ్జెక్టుల జాబితా అడగండి. అందులో ఎస్టిమేషన్, కాంట్రాక్టులు, ఏదో ఒక రంగం తాలూకు సాంకేతిక పేపర్లు ఉన్నాయో లేదో చూడండి. అన్నీ లీడర్‌షిప్, కమ్యూనికేషన్, ఆంట్రప్రెన్యూర్‌షిప్పే ఉంటే, అదే చదువు ఇక్కడ బీబీఏలో చాలా తక్కువ ఫీజుకి దొరుకుతుంది.